ఖైసర్ బేగం చూసిన రంజాన్ బజారు

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ వెనకాల సందులో ఖైసర్ బేగం ఉండేది. ఒక గది, దాని ముందు రేకులు వేసిన వరండా. గదిలో కొడుకు తారిక్, కోడలు నౌరీన్, వాళ్ల ఇద్దరు చిన్నపిల్లలు. వరండాలో ఆమె. భర్త పోయి చాలా ఏళ్లయింది. అరవైకి దగ్గర పడుతున్నా జుట్టు పెద్దగా నెరవలేదు కానీ, మెడ మాత్రం వంగిపోయింది. చిన్నప్పటి నుంచీ మగ్గం ముందు కూర్చుని పని చేసిన మెడ అది.

చెక్క చట్రానికి గుడ్డ బిగించి కట్టి, దాని మీద జరీ, పూసలు, చమ్కీలు కుట్టడం ఆమె పని. పెళ్లికి ముందు మేనత్త పక్కన కూర్చుని నేర్చుకుంది. పెళ్లయ్యాక అదే సందు చివర ఉన్న కార్ఖానాలో చేరింది. ఆ కార్ఖానాకు ఏడాది మొత్తంలో అసలైన పని రంజాన్ నెలలోనే. పండుగ బట్టలకు ఆర్డర్లు వచ్చిపడేవి. తెల్లవారుజామున సహరీ తిని, రోజా ఉపవాసంతో మగ్గం దగ్గర కూర్చుంటే సాయంత్రం ఇఫ్తార్‌కు లేవడం, రెండు ఖర్జూరాలు తిని నమాజు చేసుకుని మళ్లీ కూర్చోవడం. నెలవంక కనిపించిన రాత్రి కూడా ఎవరిదో ఒక ఓణీకి అంచు మిగిలే ఉండేది. తెల్లారి ఈద్ నాడు పిల్లవాడికి షీర్ ఖుర్మా పోసి, తను పడుకుని సాయంత్రం దాకా లేచేది కాదు.

అందుకే చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉండి కూడా, పెళ్లయిన తర్వాత ఒక్క రంజాన్‌లోనూ ఆమె ఆ బజారు చూడలేదు. ఇది ఎవరికీ చెప్పుకోవలసిన విషయంగా ఆమెకు అనిపించలేదు. చుట్టుపక్కల మగ్గాల ముందు కూర్చున్న ఆడవాళ్లందరిదీ అదే కథ.

కళ్ల సంగతి ఆలస్యంగా తెలిసింది. ముందు తలుపు చెక్కకు భుజం తగలడం మొదలైంది. పక్కనే పెట్టిన చాయ్ గ్లాసు చెయ్యి తగిలి దొర్లిపోయేది. మనవడు కాళ్లకు అడ్డం పడితే కనపడేవాడు కాదు. సూది మొన మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా కనిపిస్తుంటే కళ్లు బాగానే ఉన్నాయని ఆమె అనుకుంది. ఒకసారి లెహంగా మీద ఆకు ఒక పక్కకు కుట్టి, దాని జోడీ ఆకును అంచు గీత దాటించి కుట్టేసింది. కార్ఖానా నడిపే సేటు చూశాడు. ఆ గుడ్డ విప్పించి వేరే పిల్లకు ఇచ్చాడు. వారం తిరక్కుండానే మళ్లీ అలాగే జరిగింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసి, తారిక్‌ను పిలిచి చెప్పింది. నీటికాసులు. మన వాళ్లు కాలా మోతియా అంటారు. పక్క చూపు దాదాపు పోయింది, మధ్యలో కొంచెం మిగిలింది. గొట్టంలో నుంచి చూసినట్టు ఉంటుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నది ఉండాలంటే పొద్దున, రాత్రి చుక్కలు వేయాలి, ఒక్క పూట కూడా మానకూడదు.

"ముందే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగింది డాక్టరమ్మ. తారిక్ మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రంజాన్‌కు నెల ముందు సేటు ఆమెను ఇంటికి పంపించేశాడు. అక్కను పిలిచినట్టు మర్యాదగానే మాట్లాడాడు. "ఆరాం తీసుకో ఆపా" అన్నాడు. ఆమె తన సూదులు చిన్న డబ్బాలో వేసుకుని ఇంటికి వచ్చి వరండాలో కూర్చుంది. రంజాన్ మొదలయ్యాక కూడా అలాగే కూర్చుంది. చేతులకు ఏ పని చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఆగమ్మ వచ్చింది అప్పుడే. ఆగమ్మ మున్సిపాలిటీలో ఊడ్చే పని చేస్తుంది. లాల్‌దర్వాజాలో అద్దె గదిలో ఉంటుంది. ఒకప్పుడు ఇదే సందులో కొన్నేళ్లు కిరాయికి ఉండి పోయింది. అప్పుడు ఆమె బిడ్డ పెళ్లికి ఖైసర్ బేగం జాకెట్టు మీద నెమళ్లు కుట్టి ఇచ్చి, మజూరీ పుచ్చుకోలేదు. ఆగమ్మ దాన్ని మరచిపోలేదు. వీలు దొరికినప్పుడల్లా పొద్దటి పని దిగి ఇటు వచ్చి కాసేపు కూర్చుని పోయేది. ఖైసర్ బేగం ఇంట్లో దక్కనీ మాట్లాడినా ఆగమ్మతో తెలుగులోనే మాట్లాడేది.

"ఏంది ఆపా, రోజాలల్ల ఖాళీగ కూసున్నవ్? నీకు గీ నెలల ఊపిరి సలపదు గదా?"

ఖైసర్ బేగం చెప్పింది. ఆగమ్మ దగ్గరికి జరిగి ఆమె కళ్లలోకి చూసింది.

"మొత్తం పోతదా?"

"పోతదంటున్నరు. ఎప్పుడో తెల్వదు." ఖైసర్ బేగం ఎదురుగా గోడవైపు చూస్తూ అంది, "పోయేలోపల ఒక్కసారి రంజాన్ల చార్మినార్ చూడాలనుంది ఆగమ్మా. లైట్లు, దుకాన్లు. మేం కుట్టిన బట్టలు ఏడికి పోతయో కూడ నాకు తెల్వదు."

ఆ మాట తారిక్‌తో అప్పటికే అని ఉంది. తారిక్ పత్తర్‌గట్టీ దగ్గర కాలిబాట మీద పిల్లల బట్టలు అమ్మే బండిలో పనిచేస్తాడు. రంజాన్‌లో మధ్యాహ్నం పోతే సహరీకి ఇంటికి వస్తాడు. "అమ్మీ, ఆడ కాలు పెట్టనీకి జాగ ఉండదు. ఇంట్లనే నీకు తలుపు తగులుతుంది. పడితే ఎవరు చూస్తరు?" అన్నాడు. నౌరీన్‌కు ఇద్దరు పసిపిల్లలు. ఆటోవాళ్లు ఆ నెలలో అటు వైపు రారు, వచ్చినా అడిగింది ఇవ్వాలి.

ఆగమ్మ లేచి చీర దులుపుకుంది. "గుంపు లేనప్పుడు పోదాం. నేను రోజు పొద్దుగాల ఊడ్చేది గాడనే. పైసా ఖర్సు లేదు. రేపు నమాజు చేసుకుని తయారుగుండు."

మర్నాడు ఇంకా చీకటి వదలకముందే చెత్త ఆటో సందు మొగన ఆగింది. నడిపేవాడు అంజన్ అనే పిల్లవాడు. ఆగమ్మ అతన్ని ముందే ఒప్పించింది. ఖైసర్ బేగం బుర్ఖా ఎత్తి పట్టుకుని ముందు సీట్లో ఎక్కింది. వెనక నుంచి వాసన. అంజన్ సిగ్గుపడుతూ, "అమ్మా, కొంచెం వాసనొస్తది, ఏమనుకోకు" అన్నాడు.

"ఏం ఫికర్ లేదు బేటా. షాదీ అప్పటి సంది నన్ను ఎవ్వరు బండిల తిప్పలేదు" అంది ఆమె. వెనక నిలబడ్డ ఆగమ్మ పకపకా నవ్వింది.

రాత్రంతా సాగిన బజారు అప్పుడే పడుకుంది. తోపుడు బండ్ల మీద మనుషులు ముఖాల మీద తువ్వాళ్లు కప్పుకుని నిద్రపోతున్నారు. నేల మీద హలీం తిన్న కాగితపు గిన్నెలు, ఖర్జూరం పెట్టెలు, విరిగిన హ్యాంగర్లు, జోడీ తప్పిన చెప్పులు. ఎన్ని చెప్పులో! తోపులాటలో వదిలేసి పోయినవి. తీగల మీద రంగు దీపాలు ఇంకా ఆర్పలేదు. తెల్లారే వెలుతురులో అవి పాలిపోయి ఉన్నాయి.

ఖైసర్ బేగం చార్మినార్‌ను ముక్కలు ముక్కలుగా చూసింది. మొత్తం ఒకేసారి ఆమె చూపులో పట్టదు. ఒక మినార్‌ను కింది నుంచి పైదాకా చూసి, తల తిప్పి ఇంకొకటి, తర్వాత కమాను, దాని మీది గడియారం, గూళ్లలో పావురాలు. ఆగమ్మ చీపురుతో దూరంగా పోయి, ఊడ్చుకుంటూ తిరిగి వచ్చేసరికి ఆమె అదే చోట నిలబడి నాలుగో మినార్ చూస్తూ ఉంది.

తర్వాత లాడ్‌బజారు వైపు నడిచారు. ఒక దుకాణం అద్దాల వెనక లోపలి దీపం వేసే ఉంది. బొమ్మకు ఎర్ర లెహంగా తొడిగారు. ఖైసర్ బేగం అద్దానికి నుదురు ఆనించి చూసింది. దగ్గరగా ఉన్నది ఆమెకు బాగా కనిపిస్తుంది. ఆ బుట్టాలు, ఆ అంచు, తమ కార్ఖానా నమూనా. తను కుట్టింది కాదు. తన తర్వాత ఎవరో కూర్చుని కుట్టింది.

"మంచిగున్నదా?" అని అడిగింది ఆగమ్మ.

"మస్తుగుంది. మగ్గం మీద ఉన్నప్పుడు గింత మంచిగ కనపడదు. అప్పుడు కాలు, చెయ్యి, మెడ నొప్పే కనపడుతుంది."

ఆ రోజు నుంచి వారానికి రెండు మూడు సార్లు ఆగమ్మ ఆమెను తీసుకుపోయేది. జనం లేని వేళ చూసుకుని, జనం లేని చోటు వెతికేది. ఒక మధ్యాహ్నం అత్తరు దుకాణాలు తెరిచే వేళకు వెళ్లారు. అప్పుడు బేరాలు ఉండవు. ఒక ముసలాయన ఇద్దరినీ కూర్చోబెట్టి, ఖైసర్ బేగం మణికట్టు మీద ఒక్కొక్క అత్తరూ రాసి పేరు చెప్పాడు. కొనరని తెలిసే రాశాడు. ఆమె ఇంటికి వచ్చి రాత్రి దాకా చెయ్యి కడుక్కోలేదు.

ఇంకొక రోజు ఇఫ్తార్‌కు ఆగమ్మ ఆమెను తన ఇంటి మిద్దె మీదికి తీసుకుపోయింది. ఆ పొద్దునే ఉతికి ఆరేసిన దుప్పటి పరిచింది. జామపండు ముక్కలు, ఖర్జూరాలు, చల్లని నీళ్లు పెట్టింది. ఆగమ్మ భర్త మల్లన్న కూలి పని నుంచి వచ్చి, వీళ్లను చూసి, పైకి రాకుండా కింద మెట్ల మీదే కూర్చున్నాడు. సైరన్ మోగింది. ఆ వెంటనే ఒక మసీదు, ఇంకొకటి, నలుమూలల నుంచీ అజాన్. దూరంగా మినార్ల దీపాలు వెలిగాయి. ఖైసర్ బేగం తల అటూ ఇటూ తిప్పుతూ వెతికింది. కనపడలేదు.

"ఏడ? ఏడుంది?"

ఆగమ్మ మోకాళ్ల మీద లేచి, ఆమె రెండు చెంపలూ పట్టుకుని తల కొంచెం కొంచెంగా తిప్పింది. "ఇంక జర పక్కకు. అగో."

"దొరికింది" అంది ఖైసర్ బేగం. చాలాసేపు మెడ కదపలేదు. కదిపితే మళ్లీ పోతుందని.

ఇంట్లో ఆమె మునుపటిలా లేదు. నౌరీన్‌తో మాటలు పెరిగాయి. మనవరాలికి అత్తర్ల పేర్లు చెప్పేది. తారిక్‌కు మాత్రం ఈ తిరుగుడు సంగతి చెప్పలేదు. అతను నిద్రపోయే వేళ, పనిలో ఉన్న వేళ ఇవన్నీ జరిగిపోయేవి.

నెల చివరికి వచ్చేసరికి ఆమెకు ఒక కొత్త కోరిక పుట్టింది.

"ఆగమ్మా, ఖాళీ బజారు చూసిన. ఇగ నిండు బజారు చూడాలె."

"వద్దు ఆపా."

"గుంపు లేకుంట పండుగేంది? దూరంకెల్లి చూసొద్దాం. మళ్లీ రంజాన్‌కు నాకు ఏం కనపడతదో."

ఆగమ్మ రెండు రోజులు మాట దాటవేసింది. ఖైసర్ బేగం రెండు రోజులూ అడిగింది. చివరికి ఆగమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. ఇఫ్తార్ వేళ బజారు కాసేపు తేలికపడుతుంది. దుకాణాల వాళ్లు, కొనేవాళ్లు అందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చుని రోజా విడుస్తారు. దీపాలన్నీ వెలిగి ఉంటాయి, సరుకంతా బయట ఉంటుంది, నడవడానికి దారి ఉంటుంది. ఆ కొంచెం సేపు చూసుకుని, మళ్లీ జనం కదిలేలోపల వచ్చేయాలి. అది ఇరవై తొమ్మిదో రోజా. పండుగ ఎల్లుండే అని అందరూ అనుకుంటున్నారు. నెలవంక రేపే కనపడుతుందని తారిక్ కూడా ఇంట్లో అన్నాడు.

"చెయ్యి ఇడువొద్దు" అంది ఆగమ్మ.

"ఇడువ" అంది ఖైసర్ బేగం.

అనుకున్నట్టే జరిగింది. గాజుల దుకాణాల ముందు నేల మీద గుడ్డ పరిచి వరసగా కూర్చున్నవాళ్లు వీళ్లకూ జరిగి చోటు ఇచ్చారు. ఒక గాజుల దుకాణం యజమాని ఖైసర్ బేగం చేతిలో ఖర్జూరం పెట్టి, ఆగమ్మకు షర్బత్ గ్లాసు అందించాడు. రెండు వైపులా దుకాణాల దీపాల్లో లక్క గాజుల అద్దాలు మెరుస్తున్నాయి. ఖైసర్ బేగం ఒక వరస చూసి, తల తిప్పి ఇంకొక వరస చూసింది. మనవరాలికి చిన్న గాజులు ఒక జత కొంది. ఆగమ్మకు ఆ క్షణంలో ఏ భయమూ లేదు. తానే గెలిచినట్టు అనిపించింది.

అప్పుడు ఎవరో అరిచారు. తర్వాత ఇంకొకరు. ఎక్కడో టపాకాయలు పేలాయి. మసీదు మైకులో మాట వినిపించింది. నెలవంక కనిపించింది. రేపే ఈద్.

మనుషులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఖైసర్ బేగం ముఖం వెలిగిపోయింది. "చాంద్ ముబారక్ ఆగమ్మా!" అంది. ఆగమ్మ ఆమె చెయ్యి లాగింది. "నడువు ఆపా, జల్ది నడువు."

కానీ రేపే పండుగ అని తెలిసిన ఊరు ఇంట్లో కూర్చోదు. బట్టలు కొననివాళ్లు, చెప్పులు కొననివాళ్లు, సేమియాలు కొననివాళ్లు, గోరింటాకు పెట్టించుకోవలసిన ఆడపిల్లలు, అందరూ ఒకేసారి రోడ్డెక్కారు. వీళ్లు సందు చివరికి చేరేలోపల ఎదురుగా జనం గోడలా వచ్చింది. ఎదుటి నుంచి వచ్చేవాళ్లు ఖైసర్ బేగానికి కనపడుతున్నారు. పక్కల నుంచి వచ్చేవాళ్లు కనపడటం లేదు. ఒక మోటారు సైకిలు హారన్ కొడుతూ జనంలోకి దూరింది. దానికి దారి ఇవ్వడానికి అందరూ ఒక పక్కకు ఒత్తుకున్నారు. ఆ ఒత్తిడిలో ఆగమ్మ వేళ్ల మధ్య నుంచి ఆ చెయ్యి జారిపోయింది.

ఒక దుకాణం మెట్టు అంచు మీద నుంచి ఖైసర్ బేగం పక్కకు పడింది. ఎవరూ కావాలని తోయలేదు. ఎవరికీ తెలియను కూడా లేదు. కాళ్ల మధ్య నల్లటి బుర్ఖా చూసి ఒక ఆడమనిషి కేక పెట్టింది. ఆగమ్మ మోచేతులతో జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి, ఇద్దరు మనుషులు ఆమెను చంకల కింద పట్టి లేపబోతున్నారు. ఖైసర్ బేగం పెట్టిన అరుపుకు వాళ్లు భయపడి వదిలేశారు. కుడి కాలు వంకరగా తిరిగి ఉంది.

ఆటో రాదు, అంబులెన్సు రాదు. ఖర్జూరం ఇచ్చిన గాజుల దుకాణం యజమాని ఒక తోపుడు బండి ఖాళీ చేయించి, దాని మీద ఆమెను పడుకోబెట్టించాడు. జనంలో నుంచి ఆ బండి పెద్ద రోడ్డుకు చేరడానికి చాలాసేపు పట్టింది. ఆగమ్మ బండి చెక్క పట్టుకుని నడుస్తూ, "తొవ్వ ఇడువుండ్రి, తొవ్వ ఇడువుండ్రి" అని గొంతు పోయేదాకా అరిచింది.

తుంటి ఎముక విరిగింది. పండుగ కావడంతో ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు లేరు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. కబురు అందగానే తారిక్ బండి వదిలి పరుగెత్తుకు వచ్చాడు. అతని చొక్కాకు ఇంకా ధర చీటీలు గుచ్చే పిన్నులు ఉన్నాయి. గోడ పక్కన నిలబడ్డ ఆగమ్మను చూసి విషయమంతా తెలుసుకున్నాడు.

"నిన్ను మా అమ్మీ చెల్లె అనుకున్నది. చూపు లేని మనిషిని చాంద్ రాత్‌ల లాడ్‌బజారుకు తీస్కపోతవా?"

"తప్పయింది బిడ్డా."

"నేనే అడిగిన" అని మంచం మీద నుంచి ఖైసర్ బేగం అంది. "తారిక్, నేనే..."

"నువ్వు చుప్ ఉండు అమ్మీ." అతను ఆగమ్మ వైపు చూడకుండా అన్నాడు, "నువ్వు ఇగ మా ఇంటికి రాకు."

ఆపరేషన్ చేసేసరికి రెండు వారాలు దాటాయి. అప్పటికే ఆమె సగం అయిపోయింది. ఇంటికి తెచ్చాక వరండాలో మంచం వేశారు. నౌరీన్ ఆమెను శుభ్రం చేసేది, అన్నం పెట్టేది, మధ్యలో పసివాడికి పాలిచ్చేది. ఆ గొడవలో కంటి చుక్కల సంగతి ఒకరోజు గుర్తుంటే ఒకరోజు ఉండేది కాదు. సీసా అయిపోతే కొత్తది తెచ్చేసరికి రోజులు గడిచేవి. ఖైసర్ బేగం అడిగేది కాదు. ఇన్ని అడుగుతున్నాను, ఇది కూడా ఎందుకని ఊరుకునేది. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేలోపల ఆమె చూపు గొట్టం సన్నబడి సన్నబడి మూసుకుపోయింది. ఏ రోజు మూసుకుపోయిందో ఆమె చెప్పలేదు. మనవరాలు చేతికి బొమ్మ ఇస్తే, ఆమె దాన్ని తడిమి చూడటం గమనించి నౌరీన్ ఏడ్చింది.

బోనాలప్పుడు ఆగమ్మ ఉండబట్టలేక వచ్చింది. తారిక్ పనికి పోయాక, సందు మొగన చాలాసేపు నిలబడి వచ్చింది. నౌరీన్ పక్కకు తప్పుకుంది.

ఆగమ్మ పిలిచిన గొంతును ఖైసర్ బేగం గుర్తుపట్టింది. చెయ్యి చాపింది. ఆగమ్మ ఆ చెయ్యి తన నుదుటికి ఆనించుకుంది.

"ఇడిసిపెట్టిన ఆపా. చెయ్యి ఇడిసిపెట్టిన."

"గుంపుల ఎవరి చెయ్యి ఎవరు పడతరు" అంది ఖైసర్ బేగం. పక్కకు ఒత్తిగిలబోయి, "వీపు మండుతుంది ఆగమ్మా. నౌరీన్‌కు చెప్పలేదు. పాపం ఎన్ని చేస్తది. జర చూస్తవా?"

ఆగమ్మ ఆమెను పక్కకు తిప్పి చూసింది. నడుము కింద అరచేయి అంత పుండు. అప్పటికే లోతుకు పోయింది.

ఆ తర్వాత ఆగమ్మ రోజూ వచ్చి పుండు కడిగి కట్టు కట్టేది. తారిక్‌కు తెలిసింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, ఆమెతో మాత్రం మాట్లాడలేదు. మందులు వాడారు, ఆసుపత్రికి రెండు సార్లు తీసుకుపోయారు. చలికాలం మొదట్లో జ్వరం వచ్చింది. అది తగ్గలేదు. ఒక శుక్రవారం పొద్దున, నౌరీన్ గంజి కలిపి తెచ్చేసరికి ఖైసర్ బేగం పోయింది.

ఆగమ్మకు కబురు తారిక్ పంపించాడు. స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టాక ఆడవాళ్లు ఆమెను లోపలికి పిలిచి ముఖం చూపించారు. మగవాళ్లు జనాజా ఎత్తుకుని సందు దాటిపోయాక, ఆమె ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం తారిక్ లాల్‌దర్వాజాలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చాపేస్తే కూర్చున్నాడు. చాప పోగు ఒకటి లాగుతూ అడిగాడు.

"అమ్మీ ఏమేం చూసింది? నౌరీన్ కొంచెం చెప్పింది. నువ్వు చెప్పు."

ఆగమ్మ చెప్పింది. చెత్త ఆటో, పొద్దటి చార్మినార్, అద్దంలో ఎర్ర లెహంగా, అత్తర్లు, మిద్దె మీద ఇఫ్తార్. దాచకుండా ఆ చివరి సాయంత్రం కూడా చెప్పింది. వింటున్నంతసేపూ అతను ఆమె ముఖం చూడలేదు.

"నేను గాడనే ఉన్న ఆగమ్మా. రెండు సందుల అవతల. చాంద్ కనపడ్డదని మస్తు గిరాకీ వచ్చింది. ఖుషీగ అరుస్తున్న, పిల్లల బట్టలు, పిల్లల బట్టలు అని." అతను చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "ఒక్కనాడన్న నా బండి తాన కూసోబెట్టుకున్నా అయిపోతుండె. చూసుకుంట కూసునేది."

ఆగమ్మ స్టవ్ వెలిగించి చాయ్ పెట్టింది. అతను రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, చల్లారిపోయేదాకా అలాగే కూర్చుని, తాగకుండా పక్కన పెట్టి లేచాడు. గడప దగ్గర ఆగి చెప్పులు తొడుక్కున్నాడు.

మళ్లీ రంజాన్ రాకముందే ఆగమ్మ, ఊడ్చేవాళ్లకు పని పంచే జవాన్ కాళ్లావేళ్లా పడి, తను ఊడ్చే చోటు మార్పించుకుంది. ఇప్పుడు ఆమె పని ఇంకొక వార్డులో, ఇళ్ల మధ్య గల్లీల్లో. అక్కడ దీపాలు కట్టరు.